నజరేతు మరియమ్మ

చదువవలసిన భాగము: లూకా 1:26–56



మన తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో మరియమ్మ అను పేరుగల స్త్రీ ఒకతెయైనను లేని క్రైస్తవ పల్లె అరుదు. ముసలివారిలో మరియమ్మ, పడుచువారిలో మేరీ, బడిపిల్లలలో మరియ అని ఏదో యొక రూపమున ఆ పేరు మన ఇండ్లలో వినబడుచునే యున్నది. అయితే ఆ పేరుగల మొదటి తల్లి జీవితమును ఆద్యంతము చెప్పుమని అడిగినయెడల, మనలో అనేకులు బేత్లెహేము పశువుల తొట్టి వద్ద మొదలుపెట్టి అక్కడనే ముగింతురు. క్రిస్మసు నాటకములో చిన్నపిల్ల నీలిరంగు ముసుగు వేసికొని కూర్చుండును. పండుగ ముగియగానే ఆ ముసుగు పెట్టెలోనికి పోవును. తక్కిన పదునొకండు నెలలు మరియమ్మ మన సంఘములలో కనబడదు.

ఇందుకు కారణము లేకపోలేదు. ఆగస్టు 29 మొదలు సెప్టెంబరు 8 వరకు నాగపట్టణము దగ్గర వేళాంగణిలో ఉత్సవము జరుగును. ఫిబ్రవరి 9 మొదలు 11 వరకు విజయవాడ గుణదల కొండమీద ఉత్సవము జరుగును. మన ప్రాంతమునుండి ఈ రెండు స్థలములకును జనులు ప్రయాణమై పోవుదురు. వారిలో రోమన్ కథోలిక సంఘస్థులతోపాటు హిందూ పొరుగువారును, మన లూథరన్ సంఘపు కుటుంబములవారును, దక్షిణ ఇండియా సంఘపు కుటుంబములవారును గలరు. తలనీలాలిచ్చి, కొవ్వొత్తులు వెలిగించి, మ్రొక్కుబడి చెల్లించి తిరిగి వత్తురు. ఇది చూచి మన పెద్దలలో కొందరు మరియమ్మ పేరెత్తుటయే తప్పిదమన్నట్లు మాటలాడుదురు. మరికొందరు కోపమునందు ఆమెను చులకనగా పలుకుదురు. రోమన్ కథోలిక ఇంటినుండి కోడలు వచ్చిన కుటుంబములలో పండుగపూట జపమాలను గూర్చి తగవు పుట్టుటయు కలదు.

ఇంకొక చిక్కు ఉన్నది. మన పల్లెలలో మారెమ్మ గుడి సాధారణము. మరియమ్మ, మారెమ్మ అను రెండు పేర్లును చెవికి దగ్గరగా వినబడుటచేత, ఎరుగని పొరుగువారు ఇద్దరిని ఒకటిగా తలంచుదురు. రోగమునకును వానకును మ్రొక్కవలసిన మరియొక అమ్మవారిని క్రైస్తవులు కొలుచుచున్నారని వారు అనుకొందురు. ఆమె అమ్మవారు కాదనియు, మనవలెనే మట్టినుండి పుట్టి విశ్వాసమువలన బ్రదికిన స్త్రీయనియు వారికి చెప్పవలెనన్నచో, మనకు ఆమె కథ తెలిసియుండవలెను గదా! అందుచేత ఈ నెల ఆమె జీవితమును లేఖనములలో ఉన్నంతమట్టుకు, దానికి ఎక్కువగాని తక్కువగాని చేయక వ్రాయదలచితిమి.

ఒక కుగ్రామపు కన్యక

నజరేతు గలిలయ కొండలలోని చిన్న ఊరు. పాత నిబంధనలో దాని పేరైనను లేదు. ఆ ఊరినుండి మంచిదేదైనను రాగలదా యని నతనయేలు సందేహించినట్లు యోహాను వ్రాసియున్నాడు. మన జిల్లాలలో పటములో వెదకినను దొరకని పల్లెలు ఎన్ని లేవు! అట్టి ఊరిలో మరియ పెరిగెను. ఆమె తలిదండ్రుల పేర్లు సువార్తలలో లేవు. ఆమె రూపమును గూర్చి ఒక్క మాటయు లేదు. యోసేపు అను వడ్రంగికి ఆమె ప్రధానము చేయబడియుండెను. ఆ కాలపు యూదులలో పెండ్లి నిశ్చయము చిన్న వయస్సుననే జరుగుచుండెను గనుక, మన ఊళ్లలో హైస్కూలు చదువు ముగించు పిల్లకంటె ఆమె పెద్దది కాదని తలంచవచ్చును.

ఆ పిల్ల యొద్దకు గబ్రియేలు దూత వచ్చి, ఆమె కుమారుని కనుననియు, ఆయన సర్వోన్నతుని కుమారుడనియు తెలిపెను. మరియ మొదట కలవరపడెను. పిమ్మట ఇది ఎట్లు జరుగునని అడిగెను. అడిగినందుకు దూత ఆమెను గద్దింపలేదు. జవాబు విని ఆమె తన్ను ప్రభువు దాసురాలినిగా అప్పగించుకొనెను.

ఆ ఒప్పుకోలు ఎంత ఖరీదైనదో పల్లెటూరివారమైన మనకు వేరుగా చెప్పనక్కరలేదు. పెండ్లి కాకమునుపే గర్భవతియైన పిల్లను గూర్చి ఊరు ఏమనుకొనును? బావి దగ్గర ఆడవారు ఏమి గుసగుసలాడుదురు? మోషే ధర్మశాస్త్రమును బట్టి ప్రధానము చేయబడిన పిల్ల తప్పు చేసినచో రాళ్లతో కొట్టవచ్చును. యోసేపు నీతిమంతుడు గనుక ఆమెను అవమానపరచక రహస్యముగా విడనాడ నుద్దేశించెను. స్వప్నములో దూత చెప్పిన పిమ్మటనే ఆమెను ఇంటికి చేర్చుకొనెను. దూత మరియకు కనబడిన దినమునకును, యోసేపు మనస్సు కుదిరిన దినమునకును మధ్య ఆమెకు తోడు దేవుని మాట ఒక్కటియే.

ఆమె త్వరపడి యూదయ కొండసీమలోని ఎలీసబెతు ఇంటికి వెళ్లి, ఇంచుమించు మూడు నెలలు అక్కడ నిలిచెను. పిల్లలు లేక వృద్ధురాలైన యొక స్త్రీయు, ఇంకను కాపురమునకు రాని యొక పిల్లయు ఒకే ఇంట గర్భవతులై దేవుని స్తుతించిరి. మరియ కీర్తన అక్కడ పుట్టినదే. సమూయేలు తల్లియైన హన్నా పాడిన పాటకు అది చాల దగ్గరగా నున్నది. దీనినిబట్టి ఆ పల్లెటూరి పిల్ల లేఖనములను చెవులార విని హృదయములో దాచుకొన్నదని తెలియుచున్నది. ఆ పాటలో ఆమె తన గొప్పతనము నెక్కడను చెప్పుకొనలేదు. దీనులను లేవనెత్తు దేవుని గూర్చియు, ఆకలిగొన్నవారిని మరువని దేవుని గూర్చియు చెప్పుకొనెను. లూథరన్ సంఘముల సాయంకాల ఆరాధన క్రమములో ఈ కీర్తనకు మొదటినుండి స్థానము కలదు.

పేద తల్లి

ఔగుస్తు చక్రవర్తి జనసంఖ్య వ్రాయుమని ఆజ్ఞ ఇచ్చినందున యోసేపు తన పితరుల ఊరైన బేత్లెహేమునకు పోవలసి వచ్చెను. నజరేతునుండి బేత్లెహేమునకు కొండదారిలో ఇంచుమించు 120 కిలోమీటర్లు. తిరుపతి నుండి భాకరాపేట కనుమ ఎక్కి, పీలేరు మీదుగా మదనపల్లె చేరునంత దూరము. నేడు బస్సులో కూర్చుండి పోవుటకే నిండుచూలాలు అలసిపోవును. ఆమె ఆ దారిని రోజుల తరబడి ప్రయాణము చేసెను. చేరిన చోట సత్రములో స్థలము దొరకలేదు. తొలిచూలు బిడ్డను పొత్తిగుడ్డలతో చుట్టి పశువుల తొట్టిలో పరుండబెట్టెను. గొఱ్ఱెల కాపరులు వచ్చి తాము విన్న సంగతులు చెప్పినప్పుడు అందరు ఆశ్చర్యపడిరి. మరియ మాత్రము ఆ సంగతులన్నియు మనస్సులో భద్రము చేసికొని ఆలోచించుకొనుచుండెనని లూకా వ్రాసెను.

నలువది దినములైన పిమ్మట శిశువును యెరూషలేము దేవాలయమునకు తీసికొని వచ్చిరి. బాలింతరాలు శుద్ధి దినములు ముగిసినప్పుడు ఒక గొఱ్ఱెపిల్లను, ఒక పక్షిని అర్పింపవలెనని లేవీయకాండము 12వ అధ్యాయములో నున్నది. గొఱ్ఱెపిల్లను తెచ్చు శక్తి లేనివారు రెండు గువ్వలనైనను రెండు పావురపు పిల్లలనైనను తేవచ్చును. మరియ అర్పించినది పక్షుల జతయే. మన కోత పండుగనాడు ఒకరు గొఱ్ఱెపిల్లను తోలుకొని వత్తురు. మరియొకరు కొంగులో రెండు కోడిగ్రుడ్లు మూటగట్టుకొని వచ్చి, ఎవరును చూడకుండ బల్లమీద పెట్టి వెనుకకు పోవుదురు. లోకరక్షకుని కన్న తల్లి ఆ రెండవ వరుసలో నిలిచినది.

అదే దినమున సుమెయోను అను వృద్ధుడు బిడ్డను చేతులలోనికి తీసికొని దేవుని స్తుతించి, తరువాత తల్లివైపు తిరిగి, ఈ బిడ్డ నిమిత్తము ఆమె ప్రాణములోనికి ఒక ఖడ్గము దూసికొనిపోవునని చెప్పెను. చంటిబిడ్డను చూపించి దీవెన కోరవచ్చిన తల్లికి అట్టి మాట వినవలసి వచ్చినది. ఆమె ఆ మాటను మోసికొని ముప్పది యేండ్లకు పైగా బ్రదికెను.

పిమ్మట హేరోదు బిడ్డను చంపజూచినందున రాత్రివేళ లేచి ఐగుప్తునకు పారిపోవలసి వచ్చెను. హేరోదు క్రీ.పూ. 4లో చనిపోయెను గనుక, ఇది అంతకు కొంచెము ముందు జరిగిన సంగతి. అన్యదేశములో, అన్యభాషల నడుమ, తనవారు ఒకరును లేనిచోట ఆ చిన్న తల్లి బిడ్డను పెంచవలసి వచ్చెను. మన ప్రాంతములనుండి బ్రతుకుతెరువునకై బెంగుళూరునకును, చెన్నపట్టణమునకును, కువైటునకును పోయి పరుల ఇండ్లలో పనిచేయుచున్న తల్లులు ఎందరో కలరు. వారి కష్టము ప్రభువు తల్లికి తెలియని కష్టము కాదు.

గ్రహింపలేని తల్లి

హేరోదు మరణించిన పిమ్మట వారు తిరిగి నజరేతులో కాపురముండిరి. యేసు పండ్రెండేండ్లవాడైనప్పుడు పస్కా పండుగకు యెరూషలేము వెళ్లి, తిరుగు ప్రయాణములో బాలుడు తప్పిపోయెనని తెలిసికొనిరి. తిరుపతి బ్రహ్మోత్సవముల జనసమ్మర్దములో బిడ్డ చేయి విడిపోయిన తల్లి ఎట్లు పరుగులెత్తునో మన ప్రాంతమువారికి తెలియును. మూడు దినములైన పిమ్మట దేవాలయములో బోధకుల నడుమ ఆయన కనబడెను. తల్లి తన దుఃఖమును దాచుకొనక బాలుని అడిగెను. తాను తన తండ్రి పనిమీద నుండవలెనని ఆయన చెప్పిన జవాబు వారు గ్రహింపలేదని లూకా స్పష్టముగా వ్రాసెను. దూతను చూచిన తల్లికిని అన్నియు తెలియలేదు. తెలియని సంగతిని ఆమె పారవేయక హృదయములో దాచుకొనెను.

ఆ తరువాత యోసేపు సువార్తలలో కనబడడు. ప్రభువు పరిచర్య మొదలుకాక మునుపే అతడు చనిపోయి యుండునని తలంచుటకు ఇది కారణము. మార్కు 6వ అధ్యాయములో యాకోబు, యోసే, యూదా, సీమోను అను సహోదరుల పేర్లును, సహోదరీల ప్రస్తావనయు కలవు. వీరు మరియ బిడ్డలేయని మనమును, దగ్గరి బంధువులని రోమన్ కథోలికులును చెప్పుదుము. ఎట్లైనను ఆ ఇల్లు నిండు ఇల్లు, పేద ఇల్లు. ఇంటికి పెద్దయైన యేసు ముప్పది యేండ్లవరకు వడ్రంగము చేసి, పిమ్మట ఉలి క్రిందపెట్టి బయలుదేరెను. ఆ ఉదయము తల్లి మనస్సు ఎట్లుండెనో ఊహించుకొనవచ్చును.

కానాలో పెండ్లి విందున ద్రాక్షారసము అయిపోయినప్పుడు ఆమె ఆ కొరతను కుమారునికి తెలిపెను. తన సమయ మింకను రాలేదని ఆయన చెప్పెను. ఆమె బలవంతపెట్టలేదు. నొచ్చుకొని వెళ్లిపోనులేదు. పనివారివైపు తిరిగి, ఆయన వారికి ఏమి చెప్పిన అది చేయుమని చెప్పెను. సువార్తలలో మరియ ఇతర మనుష్యులకు ఇచ్చిన ఉపదేశము ఇదొక్కటియే. ఆమె వేలు ఎవరివైపు చూపుచున్నదో ఇందువలన తేటపడుచున్నది.

ఆమె జీవితములో మరుగుచేయరాని ఘట్టము ఇంకొకటి కలదు. ఆయనకు మతి చలించెనని జనులు చెప్పుకొనుచున్న దినములలో, తల్లియు సహోదరులును వచ్చి వెలుపల నిలిచి ఆయనను పిలువనంపిరి. దేవుని చిత్తము జరిగించువారే తనకు తల్లియు సహోదరులును అని ఆయన చెప్పెను. ఆ మాట లోపల కూర్చున్నవారికి ఆదరణగా నుండెను. వాకిటిలో నిలిచిన తల్లికి ఎట్లుండెనో! కుమారుడు ఊరూర పొగడబడుచున్నాడు, అంతకంతకు పగవారు పెరుగుచున్నారు, సొంత ఊరివారే ఆయనను కొండకొమ్మునుండి త్రోసివేయజూచిరి. ఆయన సహోదరులు అప్పటికి ఆయనయందు విశ్వాసముంచలేదని యోహాను 7వ అధ్యాయములో నున్నది. ఒకే ఇంటిలో అవిశ్వాసమును, భయమును, ప్రేమయు కలిసియున్న కాలమది. ఆమె ఆ కాలమును దాటెను.

సిలువయొద్ద

దాదాపు క్రీ.శ. 30వ సంవత్సరమున, పస్కా దినములలో యేసు సిలువ వేయబడెను. శిష్యులలో అనేకులు పారిపోయిరి. తల్లి పారిపోలేదు. సుమెయోను చెప్పిన ఖడ్గము ఆ దినమున దూసికొనిపోయెను. కన్నకొడుకు మేకులతో కొట్టబడి, బట్టలు తీసివేయబడి, దాహముతో చనిపోవుచుండగా ఆమె దగ్గర నిలిచి చూచెను. యోహాను ఆమె కేకలు వేసెనని వ్రాయలేదు, మూర్ఛపోయెనని వ్రాయలేదు. నిలిచియుండెనని వ్రాసెను.

అప్పుడు ప్రభువు చేసిన ఏర్పాటును సంఘస్థులందరు జాగ్రత్తగా గమనింపవలెనని కోరుచున్నాము. లోకపాపమును మోయుచున్న గడియలో ఆయన తన తల్లిని మరువలేదు. ఆమెను తన ప్రియశిష్యునికి అప్పగించెను, శిష్యుని ఆమెకు అప్పగించెను. ఆ గడియనుండి ఆ శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకొనెను. కొడుకును పోగొట్టుకొన్న తల్లికి ప్రభువు ఇచ్చినది ఒక ఇల్లు. పొయ్యి, పడక, పలుకరించు మనిషి, తనతో ప్రార్థించు కుటుంబము గల ఇల్లు.

పిమ్మట ఆమె మేడగదిలో కనబడుచున్నది. అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయమున, అపొస్తలులును, కొందరు స్త్రీలును, యేసు తల్లియైన మరియయు, ఆయన సహోదరులును ఏకమనస్సుతో ప్రార్థన చేయుచుండిరి. విశ్వసింపని సహోదరులు ఇప్పుడు అక్కడ ఉన్నారు! వారిలో యాకోబు యెరూషలేము సంఘమునకు స్తంభమై, క్రీ.శ. 62లో రాళ్లతో కొట్టబడి ప్రాణము విడిచెను. కొడుకులు గుడిమెట్లు ఎక్కుటలేదని కన్నీరు కార్చు తల్లులారా, ఈ సంగతిని మరువకుడి.

ఆ మేడగదిలో మరియ సింహాసనముపై లేదు. ఎవరును ఆమెకు ప్రార్థించుటలేదు. ఆమె వారితో కలిసి ప్రార్థించుచున్నది. లేఖనములో ఆమెను గూర్చిన చివరి చిత్రమిది. ఆమె ఎప్పుడు, ఎక్కడ కన్నుమూసెనో పరిశుద్ధ గ్రంథము చెప్పదు. యెరూషలేములో కిద్రోను లోయలోనొక సమాధిని, ఎఫెసు దగ్గర నొక ఇంటిని ఆమెవని జనులు చూపుచున్నారు.

సంఘము ఆమెను తలంచిన విధము

తరువాతి కాలములలో ఆమెకు గౌరవము పెరిగెను. క్రీ.శ. 431లో ఎఫెసు పట్టణమున కూడిన సభ ఆమెను దేవుని కన్న తల్లియని పిలుచుట సరియేయని నిర్ణయించెను. ఆ సభలోని వాదము ముఖ్యముగా క్రీస్తును గూర్చినది. ఆమె గర్భమున పుట్టినవాడు నిజముగా దేవుడేయని చెప్పుటకే ఆ మాటను నిలువబెట్టిరి. కాలక్రమమున పండుగలును, యాత్రలును, మ్రొక్కుబడులును హెచ్చెను. ఫ్రాన్సులోని లూర్దులో 1858 ఫిబ్రవరి 11న మరియమ్మ కనబడెనని ఒక పేద బాలిక చెప్పెను. దాని జ్ఞాపకార్థమే గుణదల ఉత్సవము ఫిబ్రవరి 11తో ముగియును. గుణదల కొండపై 1924లో అర్లాటి అను మిషనెరీ ఆమె ప్రతిమను ఉంచెను. వేళాంగణి గుడికి 1962లో పోపు బసిలికా అను గౌరవము నిచ్చెను.

మన లూథరు అయ్యగారును మ్రొక్కుబడి ఎరుగనివాడు కాదు. 1505 జూలై 2న పిడుగుపాటునకు భయపడి, మరియమ్మ తల్లియని చెప్పబడు అన్నమ్మను వేడుకొని, సన్యాసినగుదునని మ్రొక్కుకొనెను. క్రీస్తు కృప మాత్రమే చాలునని గ్రహించిన పిమ్మటను అతడు మరియమ్మను తృణీకరింపలేదు. 1521లో వార్ట్‌బర్గ్ కోటలో దాగియున్నప్పుడు మరియ కీర్తనపై తాను మొదలుపెట్టిన వ్యాఖ్యానమును ముగించెను. దేవుడు దీనురాలిని చూచిన విధమే ఆమె ఘనతయనియు, ఆమెను చూచువారు ఆమెయొద్ద ఆగిపోక దేవునియొద్దకు పోవలెననియు దానిలో బోధించెను. ప్రభువును దేవాలయములో సమర్పించిన దినమును, ఫిబ్రవరి 2ను, దూత వర్తమానము తెచ్చిన దినమును, మార్చి 25ను, లూథరన్ సంఘముల పండుగల పట్టికనుండి తీసివేయలేదు. 1865లో నాయుడుపేటలో పని మొదలుపెట్టిన హెర్మన్స్‌బర్గ్ మిషనువారు మన పితరులకు తెచ్చిన విశ్వాసము ఇట్టిదే.

రోమన్ కథోలిక సహోదరులను గూర్చియు న్యాయముగా మాటలాడవలెను. ఆరాధన దేవునికి మాత్రమే చెల్లుననియు, మరియమ్మకు చేయునది ఆరాధన కాదనియు వారి సంఘము బోధించుచున్నది. 1964లో వారి వాటికన్ మహాసభ, ఆమెను గూర్చి అతిశయోక్తులు పలుకవద్దనియు, సంకుచితముగను తలంపవద్దనియు హెచ్చరించెను. అయినను ఆమెకు ప్రార్థన చేయుట విషయమై మనకును వారికిని భేదము నిలిచియే యున్నది. దేవునికిని మనుష్యులకును మధ్య క్రీస్తు ఒక్కడే మధ్యవర్తియని 1 తిమోతి 2వ అధ్యాయము తేటగా బోధించుచున్నది. ఆయన దగ్గరకు పోవుటకు సిఫారసు అక్కరలేదు. కచ్చేరిలో అధికారిని చూడవలెనన్నచో తెలిసినవారిని వెదకు అలవాటు మనకు కలదు. కృపాసింహాసనము కచ్చేరి కాదు. మనకొరకు మరణించినవాడు తల్లి చెప్పినగాని మన మొర వినడని తలంచుట, ఆయన ప్రేమను తక్కువ చేయుట యగును.

మనము చేయవలసినది

1531లో వ్రాయబడిన ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణ సమర్థన గ్రంథములో, పరిశుద్ధులను మూడు విధములుగా గౌరవింపవచ్చునని యున్నది. వారిని ఇచ్చినందుకు దేవుని స్తుతించుట మొదటిది. వారు పొందిన కనికరమును చూచి మన విశ్వాసమును బలపరచుకొనుట రెండవది. మన మన పిలుపును బట్టి వారి విశ్వాసమును అనుసరించుట మూడవది. మరియమ్మ విషయములో ఈ మూడును మన సంఘములలో జరుగవలెను. ఆమె పేరు చులకనగా పలుకుట మన నోట వినబడకూడదు. మన ప్రభువు ఆమె చేతి అన్నము తిని పెరిగెను. కుమారుని ప్రేమించువారు తల్లిని ఎట్లు దూషింతురు?

అయితే అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి చెప్పి ముగించెదము. మన ఇండ్లలోని తల్లి ఎందుకు వేళాంగణికి పోవుచున్నది? బిడ్డ జ్వరము తగ్గక, చెవికమ్మలు తాకట్టుపెట్టి, ఆసుపత్రుల చుట్టు తిరిగి, ఏడ్చుటకు చోటు లేక పోవుచున్నది. పెండ్లియై పదేండ్లైనను గర్భము పండక, అత్తింటి మాటలు పడలేక పోవుచున్నది. ఎదిగిన కొడుకు చనిపోగా, మూడవ దినపు ప్రార్థన ముగిసిన తరువాత ఎవరును ఆ గడప త్రొక్కనందున పోవుచున్నది. కొడుకు కోసము ఏడ్చిన యొక తల్లి అక్కడ తన మొర వినునని ఆమె నమ్ముచున్నది. అట్టి స్త్రీని సంఘకూటములో నిలువబెట్టి గద్దించుట సులభము. ఆమె వెళ్లకముందు మనము ఆమె ఇంటికి ఎన్నిమారులు వెళ్లితిమో లెక్కించుకొనుట కష్టము.

సిలువయొద్ద ప్రభువు యోహానునకు అప్పగించిన పని అప్పటితో తీరిపోలేదు. దుఃఖములో నున్న ప్రతి తల్లిని ఆయన తన శిష్యులకు అప్పగించుచునే యున్నాడు. కాబట్టి సంఘపెద్దలారా, స్త్రీల సమాజపువారలారా, ఈ నెలలో మీ మీ ఊళ్లలో బిడ్డను పోగొట్టుకొన్న తల్లి, కడుపు పండని స్త్రీ, కొడుకులు దూరదేశములకు పోగా ఒంటరిగా మిగిలిన ముసలమ్మ ఎవరెవరు కలరో చూచుకొనుడి. గద్దించుటకు పోవలదు, బుద్ధి చెప్పుటకును పోవలదు. వారింట కూర్చుండి, వారు పెట్టిన మజ్జిగ త్రాగి, వారు ఏడ్చినంతసేపు ఏడ్వనిచ్చి, లూకా మొదటి అధ్యాయమును, యోహాను 19వ అధ్యాయమును చదివి, వారి బిడ్డల పేర్లు పలికి ప్రభువునొద్ద ప్రార్థించుడి. పండుగపూట వారిని మీ ఇంట భోజనమునకు పిలువుడి. అప్పుడు మరియమ్మను గూర్చి మీరు చెప్పు మాట వారి చెవిన పడును. అప్పుడు మరియమ్మ కానాలో చూపినవాని వైపు వారును చూతురు.

ప్రార్థన: కరుణగల తండ్రీ, నీ దాసురాలైన మరియను చూచి, ఆమెయందు నీ కుమారుని మాకు అనుగ్రహించినందుకు నిన్ను స్తుతించుచున్నాము. తెలియని సంగతులను హృదయములో దాచుకొని నీ మాటను నమ్ము మనస్సును మాకును దయచేయుము. మా ఊళ్లలో దుఃఖించుచున్న తల్లులను చూచు కన్నులను, వారికొరకు తెరవబడిన ఇండ్లను మాకిమ్ము. ఏకమధ్యవర్తియైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.